ఒడ్డు చేరని ఓడ మీద పాట

మా బ్యాండులో ముగ్గురమే. గిటార్ మా బావది. డ్రమ్స్ వాడి స్నేహితుడివి. అతనిది శ్రీకూర్మం దాటాక సముద్రపొడ్డున ఉన్న చేపలవేట ఊరు. పాట, బేస్ గిటార్ నావి.

బ్యాండు కంటే ముందు ఆట వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం మానేసి వస్తూ బావ ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. బల్ల మీద పరిచి ఆడే ఆట. అట్టగ్రహాలు, పాచికలు, వేలెడు లేని అంతరిక్ష ఓడ. విజయనగరంలో మా మేడమీది గదిలో, ఆదివారాలు కిటికీలు మూసుకుని ఆడేవాళ్లం. బయట మండే ఎండ, లోపల నక్షత్రాలు. అన్నానికి రమ్మని అమ్మ పిలిచే పిలుపు ఏదో వేరే గ్రహం మీంచి వచ్చినట్టు సన్నగా వినబడేది.

ఒకసారి ఆ ఓడ ఇంధనం అయిపోయి, పటంలో ఏమీ గీయని చోట ఆగిపోయింది. ఆట నియమం ప్రకారం మేం ఓడిపోయినట్టే. బావ పెట్టె సర్దబోతే డ్రమ్మర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు మావా. లోపలున్నోల్లు ఏటైపోతారు?"

"ఏటవుతారు? ఆట అయిపోనాది."

డ్రమ్మర్ బల్ల మీద వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు. ఇంజను ఆగబోయి మళ్లీ అందుకుంటున్నట్టుంది ఆ దరువు. బావ గిటార్ అందుకున్నాడు. నా నోటికి మాటలు ఎలా వచ్చాయో ఇప్పటికీ చెప్పలేను. చీకటి పడకముందే పాట తయారైంది. ఆ ఓడలో చిక్కుకుపోయినవాళ్ల గురించి, గొంతు చించుకుని అరిచే పాట.

ఆ పాటని మొదటిసారి పదిమందిలో పాడింది డ్రమ్మర్ వాళ్ల ఊళ్లో, అమ్మవారి పండగకి. పొద్దు వాలుతోంది. ఇసకలో వేసిన స్టేజి, వెనక అలలు. పిల్లలు ముందు చెవులు మూసుకున్నారు, తర్వాత గెంతారు. నేను కళ్లు మూసుకుని పాడాను. కాళ్ల కింద నేల ఉన్నట్టే అనిపించలేదు.

పాట అయ్యాక డ్రమ్మర్ వాళ్ల మామ్మ స్టేజి దగ్గరకొచ్చింది.

"ఒసే అమ్మీ, ఆ ఓడ ఒడ్డుకొచ్చినాదా?"

అది ఆటలో ఓడ అని చెప్పబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను. మనవడే జవాబిచ్చాడు.

"రాలేదు మామ్మా. అక్కడే ఉన్నాది."

"ఓల్లకి తిండీ నీల్లూ ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మరైతే అంతలా ఏడుపులేటిరా? బతికే ఉన్నారు కదా."

 తర్వాతి ఆదివారం బావే పెట్టె తెరిచి, ఓడని ఆ ఖాళీ చోటే పెట్టాడు. నియమాల పుస్తకం పక్కన పడేసి పాచికలు నా చేతికిచ్చాడు.

ఇప్పుడా పాట చివర్లో అరుపుల్లేవు. గిటార్లు రెండూ ఆగిపోతాయి, దరువు ఒక్కటే నడుస్తూ ఉంటుంది. దాన్ని ఎక్కడ ఆపాలో మేం ముందుగా అనుకోం. అది డ్రమ్మర్ ఇష్టం.