క్రష్‌కు ఉపవాస ప్రార్థన

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా కూర్చుంటే పంతులుకే విసుగొస్తుందని జాలిపడి మానేశాను. అందుకే నా ఇంగ్లీషంతా నా ఆటో వెనక సీటు నుంచి వచ్చిందే. త్రిపురాంతకం బస్టాండు దగ్గర దిగే కాలేజీ ఆడపిల్లలే నాకు పంతులమ్మలు.

'క్రష్' అనే మాట కూడా అక్కడే దొరికింది. "నీ క్రష్ కనపడినాడంట కదే" అని ఒకతె అంటుంది, మిగిలినవాళ్లు గిల్లుకుని నవ్వుతారు. వినగా వినగా నాకు అర్థమైందేమంటే, ఎవరో ఒకరు నచ్చుతారు. ఆ సంగతి వాళ్లకు చెప్పరు. చెప్పాలనీ ఉండదు. దూరం నుంచి చూసుకుని సంతోషపడటమే. ఎవరి గడపా తొక్కని ఇంత మర్యాదైన మాట మీద మా పల్లెలో పంచాయితీ పెట్టారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అక్క కూతురు మార్కాపురంలో డిగ్రీ చదువుతోంది. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. ఒకరోజు స్నేహితురాలితో ఫోన్లో "అతను నా క్రష్ లేవే" అని నవ్వుతుంటే, మిరపకాయల కోత నుంచి అప్పుడే వచ్చిన మా అక్క చెవిన పడింది. పక్కింటి పిల్లను అడిగితే, "ప్రేమలాంటిదే అత్తా, కాకపోతే బయటికి చెప్పరు" అన్నది. చెప్పనిదంటే దాచిందని, దాచిందంటే రేపు లేచిపోతుందని మా అక్క ఊహ అంతదూరం పోయింది.

కూతురినే అడగొచ్చు. పోనీ, తమ్ముణ్ని, నన్నైనా అడగొచ్చు. మా వాళ్లకు ఆ అలవాటు లేదు. కడుపునొప్పి వచ్చినా, బర్రె చూడికట్టకపోయినా, బోరు ఎండిపోయినా శుక్రవారం చర్చిలో జరిగే ఉపవాస ప్రార్థనలో లేచి అందరి ముందూ చెప్పుకోవలసిందే. మా అక్క కూడా కొంగు నెత్తిన కప్పుకుని లేచింది. "నా బిడ్డకు క్రష్ వచ్చింది. విడుదల కావాలని ప్రార్థన చేయండమ్మా" అని ఏడ్చింది. ఆడవాళ్లంతా మోకాళ్లూనారు. పొద్దుగూకేలోపు పల్లె పల్లెంతా తెలిసిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు చర్చిలో పరిచిన చాపల మీదనే కూర్చున్నారు. పిల్లను పాటల గుంపులోంచి తీసెయ్యాలట, కాలేజీ మాన్పించాలట, సంబంధం చూడాలట. పిల్ల గోడవార తల వంచుకుని నిలబడింది. నాకు ఉండబట్టలేదు.

"ఆ పిల్ల ఏం చేసిందని?"

"క్రష్ అంట గదరా" అన్నాడు పెద్దల్లో పెద్దాయన.

"అంటే ఏందో తెలుసా పెదనాయనా?"

"తెలియకపోతే ఏంది? తెలుగులో చెప్పుకోలేని పని మంచిదయితదా?"

"మీవోడు ఫోన్లో హీరోయిన్ బొమ్మ పెట్టి, నా క్రష్ అని రాసుకున్నాడు. ఊరంతా చూసినాం. వానికోసం ఎవరూ మోకాళ్లూనలేదే?"

"వాడు మగపిల్లోడు. ఎగతాళికి రాసుకుంటాడు."

"మగపిల్లోడు రాసుకుంటే ఎగతాళి, ఆడపిల్ల నవ్వితే పాపమా? ఈ పిల్ల ఆ పిలగానికి గూడా చెప్పుకోలేదు. ఊరందరికీ చెప్పింది మనం! మన ప్రార్థన దేవుడు విన్నాడో లేదో గాని, ఆ పిలగాడైతే వినే ఉంటాడు."

వెనక ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరయ్య నవ్వు ఆపుకోలేక దగ్గాడు. దాంతో నేను ఇంకా రెచ్చిపోయాను.

"అయ్యా, అది ఉత్త పిల్లచేష్ట. ఉల్లిపొరంత గూడా ఉండదు. రేపో ఎల్లుండో అదే మర్చిపోతది. దానికి చదువు మాన్పిస్తారా?"

పెద్దలు కాసేపు గొణుక్కున్నారు. చివరికి పాస్టరయ్య, "మేనమామ పూచీ ఉంటానంటే పోనీండి" అన్నాడు. ఉంటానన్నాను. పాటల గుంపులోకి మాత్రం మళ్లీ రానివ్వలేదు. పాట పాడే గొంతుకూ దీనికీ ఏం సంబంధమో ఇప్పటిదాకా ఎవరూ నాకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున పిల్లను నా ఆటోలోనే బస్టాండుకు తీసుకుపోయాను. దారి పొడుగునా పెద్దలను తిడుతూనే ఉన్నాను. "చూసినావా అమ్మాయ్, ఎట్ల నోరు మూయించినానో!" అని మురిసిపోయాను. మార్కాపురం బస్సు వచ్చి నిలబడింది. దిగి, సంచి భుజాన వేసుకుని, ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"మామా, నాకుండేది ఏందో అమ్మ చెప్పింది, పెద్దలు చెప్పినారు, ఉల్లిపొర అని నువ్వూ చెప్పినావు. నన్నొక్కదాన్ని అడిగినారా ఎవరన్నా?"