పన్నెండో షరతు

కోయంబత్తూరు తూర్పు శివార్లలో తరతరాలుగా కాపురముంటున్న తెలుగువాళ్ల చరిత్ర ఎవరైనా రాయదలిస్తే, దాన్ని రెండు యుగాలుగా విడదీయక తప్పదు. నరసింహన్ నోట్లో విజిల్ పెట్టుకోక ముందు కాలం ఒకటి, పెట్టుకున్న తరువాతి కాలం ఒకటి. మొదటి యుగం గురించి మనకు తెలిసింది తక్కువ. ఎక్కడో ఉత్తరాన్నుంచి బండ్లు కట్టుకొని వచ్చారని, నల్లరేగడి చూసి ఆగారని, పత్తి వేశారని పెద్దలు చెబుతారు. రెండో యుగం 1987లో, ఒక ఆదివారం సాయంత్రం, మిల్లుల మధ్య జరిగిన ఫుట్‌బాల్ పోటీతో ప్రారంభమైంది. దీనికి సాక్ష్యాలకు కొదవ లేదు. చెవులున్న ప్రతివాడూ సాక్షే.

ఆ పోటీలో నరసింహన్ తన నూలు మిల్లు జట్టుకు రైట్ బ్యాక్. గెలిచిన వాళ్లకు తలా ఒక స్టీలు టిఫిన్ క్యారియర్ ఇస్తూ వచ్చారు. చివర నిలబడ్డ నరసింహన్ దగ్గరికి వచ్చేసరికి క్యారియర్లు అయిపోయాయి. రిఫరీ కాసేపు ఆలోచించి, తన మెడలోని ఇత్తడి విజిల్ తీసి అతని మెడలో వేశాడు. క్యారియర్లు అందుకున్న పదిమంది పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తు లేవు.

మూడు వారాల తరువాత పెళ్లి. అత్తవారింట మొదటి ఉదయం రాజమ్మాళ్‌కు భర్త నుంచి వినిపించిన మొదటి మాట, నిజానికి మాట కాదు. అది ఒక పొట్టి కూత. పొట్టి కూత అంటే కాఫీ అని ఆమెకు సాయంత్రానికి తెలిసింది. రెండు పొట్టి కూతలంటే తువాలు. ఒక పొడుగు కూత అంటే గేటు దగ్గర ఎవరో వచ్చారని. పొట్టిదీ పొడుగుదీ కలిసి వస్తే రసం ఇంకో గరిటె. కూతురు కృత్తిక పెళ్లిలో తాళి కట్టే వేళ, గెట్టిమేళానికి పురోహితుడు చెయ్యి ఎత్తేలోపే నరసింహన్ విజిల్ వేశాడు. నాదస్వరం వాళ్లు అలవాటు లేక నిలిచిపోయారు. వంటవాళ్లు మాత్రం పంక్తి మొదలైందనుకొని ఆకులు వేశారు.

ముప్ఫై మూడేళ్లలో రాజమ్మాళ్ దీన్ని గురించి ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని అతను అంగీకారం అనుకున్నాడు. చరిత్రలో చాలామంది పాలకులు ఇదే పొరపాటు చేశారు.

మిల్లు మూతపడింది. యంత్రాలు లారీలెక్కి వెళ్లిపోయాయి. నూలు వడికే రింగ్ ఫ్రేముల ఫిట్టరైన నరసింహన్‌కు మిల్లు వెనక మైదానం ఒక్కటే మిగిలింది. దాని మీద ఇద్దరు అన్నదమ్ములకు కోర్టులో వ్యాజ్యం నడుస్తోంది. ఇద్దరికీ దక్కనందువల్ల అది పేటలోని పిల్లలకు దక్కింది. ఇరవై ఏళ్లుగా రోజూ సాయంత్రం అయిదింటికి నరసింహన్ అక్కడ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడే ఆ పిల్లలందరికీ వ్యాకరణం అక్కర్లేని భాష విజిల్ ఒక్కటే.

అప్పుడు కరోనా వచ్చింది. మైదానం గేటుకు తాళం పడింది. ఏడు నెలల పాటు విజిలూ రాజమ్మాళూ ఒకే కప్పు కింద ఉండవలసి వచ్చింది. మైదానంలో ఖర్చు కావలసిన ఊపిరంతా ఇంట్లో ఖర్చయింది. పొద్దున కసరత్తుకు విజిల్. కూరగాయల బండి రాకకు విజిల్. టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఎక్కువ మాట్లాడిందనిపిస్తే విజిల్.

అక్టోబరు నెలాఖరున కార్పొరేషను నుంచి అనుమతి పత్రం వచ్చింది. పిల్లల శిక్షణ పదిహేను రోజులు ప్రయోగంగా జరుపుకోవచ్చు. పదిహేనో రోజు హెల్త్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారు. షరతులన్నీ నడుస్తుంటే అనుమతి కొనసాగుతుంది, లేకుంటే మళ్లీ తాళం. ఆ తాళం అంటేనే నరసింహన్‌కు భయం. కోర్టులో ఉన్న స్థలానికి రెండోసారి తాళం పడితే తీయించమని అడగడానికి ఎవడికీ హక్కు లేదు. అన్నదమ్ములిద్దరూ ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఏకమై సంతోషిస్తారు.

పత్రం రెండు పుటలు, చిన్నచిన్న అక్షరాలు, ఆఫీసు తమిళం. దాని మీది గౌరవం కొద్దీ నరసింహన్ ఇంట్లో కూడా మాస్కు వేసుకొనే చదవబోయాడు. ఊపిరికి కళ్లద్దాలు ఆవిరి పట్టాయి. తుడుచుకున్నాడు. మళ్లీ పట్టాయి.

"ఏనుంగ, మిమ్మల్నే, తుడిచి తుడిచి అద్దాలు అరిగిపోతాయి. ఇట్ల ఇయ్యండి, నేను సదువుతా" అంది రాజమ్మాళ్. ఆమె ఎస్సెస్సెల్సీ పాసైంది. రోజూ తమిళ దినపత్రిక తేదీతో మొదలుపెట్టి ప్రింటరు పేరు దాకా చదువుతుంది.

ఆమె ఒక్కో షరతూ తెలుగు చేసి చదివింది. మనిషికీ మనిషికీ ఆరడుగులు. నిలబడేచోట సున్నంతో వలయం. ఎవరి నీళ్లు వారివే. చేతులు కలపరాదు, కౌగిలించుకోరాదు. మొహం తాకరాదు. శిక్షకుడు మాస్కు లేకుండా రారాదు. ఇలా పదకొండు దాకా వచ్చి, పుట తిప్పి, గొంతు సవరించుకుంది.

"పన్నెండు. నోటితో ఊదేది ఏదీ శిక్షకుడు వాడరాదు."

నరసింహన్ చెయ్యి దానంతటదే మెడలోని తాడు మీదికి పోయింది. "విజిల్ కూడానా?"

"విజిల్ ముక్కుతో ఊదుతారా ఏమి?"

"అది గ్రౌండులో కదా. ఇంట్లో?"

రాజమ్మాళ్ పత్రాన్ని మళ్లీ ఒకసారి చూసింది. "గ్రౌండు, ఇల్లు అని వేరేగా లేదు. శిక్షకుడు అని దాన్ ఉండాది, అంతే. మీరు ఇంట్లో శిక్షకుడు కాదా?"

కాదని ఆ మనిషి ఎట్లా అంటాడు? ముప్ఫై మూడేళ్ల గౌరవం. తాడు తీసి ఇచ్చాడు. రాజమ్మాళ్ విజిల్‌ను పసుపు కలిపిన వేడి నీళ్లలో కడిగి, తుడిచి, బీరువాలో పెట్టింది. ఆఫీసు కాగితం పోతే మళ్లీ దొరకదని పత్రాన్నీ దాని పక్కనే పెట్టి తాళం వేసింది. మర్నాడు పొద్దున నరసింహన్ వంటింటి గడప దగ్గర నిలబడి, అలవాటు లేని పనికి నాలుగుసార్లు దగ్గి, "రాజమ్మా, కాఫీ" అన్నాడు. ఆ రోజు కాఫీలో డికాక్షన్ రోజూకన్నా చిక్కగా ఉంది. కారణం అతనికి అంతుపట్టలేదు.

మైదానంలో పద్దెనిమిది మంది పిల్లలు తమ తమ సున్నపు వలయాల్లో నిలబడ్డారు. ఏడు నెలల్లో అందరూ నాలుగంగుళాలు పెరిగారు; బూట్లు మాత్రం పెరగలేదు. లారీ డ్రైవరు కూతురు సుజిత, పద్నాలుగేళ్లది, లాక్‌డౌన్ అంతా ఇంటి గోడకు బంతి తన్ని తన్ని పూత రాల్చిందని పేరు తెచ్చుకుంది. గోల్‌కీపర్ సూర్యకు నూనూగు మీసం వచ్చింది.

పరుగు మొదలయ్యాక నరసింహన్ మాస్కులోంచి "ఆగండి!" అని అరిచాడు. ఎవరూ ఆగలేదు. చప్పట్లు కొట్టాడు. తామేదో బాగా ఆడామనుకొని ఇంకా వేగంగా పరుగెత్తారు. గొంతు బొంగురుపోయి ఇంటికి వస్తే, రాజమ్మాళ్ పూజగదిలోంచి చేతిగంట తెచ్చి ఇచ్చింది. పళనిలో కొన్న కంచుగంట, పిడి మీద నెమలి.

"ఇది కొట్టండి. నోటితో పని లేదు."

మర్నాడు సాయంత్రం అయిదుంపావుకు ఆ మైదానంలో మొదటిసారి గంట మోగింది. పద్దెనిమిది మందీ ఠక్కున ఆగారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆగి, కళ్లు మూసుకొని, రెండు చేతులతో చెంపలు టపటపా వాయించుకున్నారు. ఈ ఊళ్లో గంట వినబడితే చెంపలేసుకోవడం నడక కన్నా ముందు నేర్చుకునే విద్య. సూర్య అయితే కీపర్ చేతి తొడుగులతోనే వాయించుకున్నాడు. ఆ సమయానికి గాలిలో ఉన్న బంతి అతని చెవి పక్కనుంచి గోల్లోకి వెళ్లింది. గేటు అవతల, కిణత్తుకడవు నుంచి కొబ్బరికాయలు తెస్తున్న లారీ కూడా నిదానించింది. డ్రైవరు స్టీరింగ్ వదిలి చెంపలు వేసుకొని ముందుకు పోయాడు.

"ఒరే, ఇది హారతి కాదురా!"

"తెలుసు సార్" అన్నాడు సూర్య. "చెయ్యి దానంతటదే పోతాది."

"మొహం తాకకూడదురా! షరతు ఉండాది!"

"సామికి కూడానా సార్?"

ఈ ప్రశ్న కార్పొరేషను వారిని అడగవలసింది. షరతుల్ని మీరకుండా పిల్లల్ని ఆపాలంటే గంట కొట్టాలి. గంట కొడితే పద్దెనిమిది మందీ ఒకేసారి షరతు మీరతారు. కోర్టు వ్యాజ్యం కూడా ఇంత చిక్కుగా లేదు.

అందువల్ల మిగతా పదమూడు రోజుల్లో సగానికి పైగా ఆ జట్టు ఫుట్‌బాల్ నేర్చుకోలేదు. గంట మోగితే చేతులు గుండె దాకా వచ్చి ఆగడం నేర్చుకుంది. మొదటి రోజుల్లో చేతులు గడ్డం దాకా వచ్చి వణికేవి. "ఇంకా కింద, కణ్ణు, ఇంకా కింద" అని నరసింహన్ బతిమాలేవాడు. పన్నెండో రోజుకు అందరి చేతులూ గుండె దగ్గర జోడై నిలబడ్డాయి. సుజిత ఒక్కతే, "సార్, ఇప్పుడు ఎదురుజట్టు వస్తే మనం దండం పెట్టి పంపించేస్తామా?" అని అడిగింది. అతను మళ్లీ గంట కొట్టాడు.

పదిహేనో రోజు హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఆరోగ్యసామి స్కూటర్ మీద వచ్చాడు. పేరుకు తగ్గ ఉద్యోగం. చేతిలో ఫైలు, జేబులో కొలత టేపు, మొహం మీద మాస్కు, దాని మీద ఇంకో మాస్కు. వలయాలు కొలిచాడు. నీళ్ల సీసాలు లెక్కపెట్టాడు. తప్పేమీ దొరక్క ఇంకాస్త గంభీరంగా తయారయ్యాడు.

"ఆట ఆడించండి, చూస్తా" అన్నాడు తెలుగులో.

"మీరు మనోళ్లేనా సార్?" అన్నాడు నరసింహన్ ఆశగా.

"ఇంట్లో మనోళ్లు దాన్. ఇక్కడ ఇన్‌స్పెక్టర్."

"సరింగ సార్."

ఒక్కొక్కరూ వంతులవారీగా గోల్లోకి బంతి కొట్టడం మొదలైంది. ఇది ఒంటరి విన్యాసం, దీనిలో ఎవరూ ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదని నరసింహన్ బాగా ఆలోచించి పెట్టాడు. సుజిత వంతు వచ్చింది. ఏడు నెలలు గోడ మీద ప్రయోగించిన కాలు అది. బంతి సూర్య వేళ్ల పైనుంచి, పై మూల కర్రకు లోపలివైపు తగిలి, వలను వెనక్కి లాక్కుపోయింది.

ఏడు నెలల్లో అంత మంచి గోల్ ఎవరూ చూడలేదు. గోల్లో ఉన్న సూర్య తప్ప మిగతా పదహారు మందీ ఒక్క కేక పెట్టి, వలయాలు దాటి, చేతులు చాచి, నాలుగు దిక్కులనుంచీ సుజిత మీదికి పరుగెత్తారు. ఆరోగ్యసామి ఫైలు మీద పెన్ను పెట్టాడు. నరసింహన్ చెయ్యి మెడ దగ్గరికి పోయింది. అక్కడ ఏమీ లేదు. రెండో చేతిలో గంట ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

గంట మోగింది.

పదహారు మందీ ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోయారు. చేతులు గుండెల దగ్గర జోడయ్యాయి. మధ్యలో సుజిత కూడా చేతులు జోడించి నిలబడింది. గాలికి వల ఊగడం తప్ప మైదానంలో కదిలేది ఏదీ లేదు. ఆరోగ్యసామి పెన్ను జేబులో పెట్టి, కళ్లు మూసి, నుదుటి మీద, రొమ్ము మీద, రెండు భుజాల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. చర్చిలో గంటకూ మైదానంలో గంటకూ ఆ చెయ్యికి తేడా తెలియలేదు.

గోల్లోంచి సూర్య గొంతు వినబడింది. "సార్, మీరు మొగం తాకినారు."

నరసింహన్ గంటను వీపు వెనక దాచుకున్నాడు. ఆరోగ్యసామి కళ్లు తెరిచాడు. సూర్యను చూశాడు. తన చేతిని చూసుకున్నాడు. జేబులోంచి శానిటైజర్ తీసి నిదానంగా రాసుకున్నాడు. తరువాత టేపు తీసి సుజితకూ, ఆమెకు అందరికన్నా దగ్గరగా నిలబడ్డ శబరికీ మధ్య కొలిచాడు.

"ఆరడుగుల మూడంగుళాలు" అన్నాడు. "నా సర్వీసులో ఇట్లాంటి క్రమశిక్షణ చూడలేదు. మా ఆఫీసులో కూడా లేదు. కంటిన్యూ చేసుకోండి."

అక్కడే ఫైలు తొడ మీద పెట్టి సంతకం చేశాడు. పిల్లలు కేకలు వేశారు, ఉన్నచోటనే నిలబడి. నరసింహన్ కళ్లద్దాలు ఆవిరి పట్టాయి. ఈసారి తప్పంతా మాస్కుది కాకపోవచ్చు. ధైర్యం చిక్కి, ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్నది అడిగాడు.

"సార్, అన్నీ సరింగ. ఆ పన్నెండో షరతు మాత్రం కొంజం సడలిస్తే..."

"పన్నెండోదా?"

"నోటితో ఊదేది వాడరాదని. విజిలు."

ఆరోగ్యసామి ఫైలులో తన నకలు తీశాడు. నరసింహన్‌కు అద్దాల్లోంచి ఏమీ కనబడలేదు. సుజిత ఆరడుగుల దూరం నుంచే మెడ సాచి చదివింది.

"పదకొండుతో అయిపోయింది సార్. దాని కింద సంతకం, సీలు."

దారంతా నరసింహన్ రాజమ్మాళ్‌ను ఏమని అడగాలో కూర్చుకుంటూ నడిచాడు. మొదటి వాక్యం బాగానే వచ్చింది. రెండో వాక్యంలో తాను వేసిన ముప్ఫై మూడేళ్ల విజిళ్ల లెక్క వచ్చి అడ్డం పడింది. ఇంటికి చేరి, గంటను పూజగదిలో పెట్టి, కాళ్లు కడుక్కొని కుర్చీలో కూర్చున్నాడు. రాజమ్మాళ్ వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏమయింది? తాళం వేస్తారా?"

"లేదు. కంటిన్యూ చేసుకోమన్నారు."

"షరతులన్నీ సరిగా ఉండాయన్నారా?"

నరసింహన్ ఆమె మొహంలోకి చూశాడు. ఆఫీసు తమిళంలో లాగే ఆ మొహంలోనూ అతనికి ఏమీ తెలియలేదు.

"అన్నీ సరిగా ఉండాయన్నారు" అన్నాడు. తరువాత, "రాజమ్మా, కాఫీ" అన్నాడు.

కాఫీ వచ్చింది. విజిల్ బీరువాలో ఉంది. తాళంచెవి రాజమ్మాళ్ కొంగున ఉంది.