గంగమ్మకొకటి, గవర్నమెంటుకొకటి

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. ఐదో తరగతి సగంలో బడి మానేసి పడవ ఎక్కినవాణ్ణి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ అనుమానమే. ఇంతవరకు నేను రాసినవన్నీ సరుకుల చీటీలు. ఉల్లిపాయలు ఒక బస్తా, కొత్తిమీర పది కట్టలు. వాటిలో తప్పులున్నా ఉల్లిపాయలు వచ్చేవి. ఇది అలా కాదని భయంగా ఉంది. చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

విన్నిపెగ్‌లో ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంట చేస్తాను. వచ్చి పన్నెండేళ్లయింది. అంతకుముందు గోదావరి మీద వల వేసేవాణ్ణి. మా నాన్నదీ తాతదీ కూడా అదే పని. ఇక్కడ నా చేతికి వచ్చే చేపలు అట్టపెట్టెల్లో, గడ్డకట్టి, తలలు లేకుండా వస్తాయి. ఒకప్పుడు చేప మొహం చూసి అది ఏ నీళ్లదో చెప్పేవాణ్ణి. ఇప్పుడు మొహమే రాదు కాబట్టి పెట్టె మీద అంటించిన కాగితాన్ని ఎవరైనా చదివి చెప్తే తెలుసుకుంటున్నాను.

అందుకేనేమో, ఇంట్లో అన్నానికి కూర్చుంటే నా నోటికి వల కథలే వస్తాయి. మా ఆవిడ మా వాళ్లమ్మాయే, పక్క రేవులో పుట్టింది. ఆ కథలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

"మనం వచ్చిన ఏడాది నీ కథలో ఆ పండుగప్ప చేప మూరెడే ఉండేది మావా. ఇప్పుడు నీ భుజం దాకా వచ్చింది. నువ్వు చెప్పే కొద్దీ అది పెరుగుతానే ఉంది" అంటుంది.

ఆమె తమ్ముడు కూడా ఈ ఊళ్లోనే ఉంటాడు. కంప్యూటర్ ఉద్యోగం. చిన్నప్పుడు పడవ ఎక్కితే వాంతులు చేసుకునేవాడు, అందుకే చదువుకున్నాడు. అలాంటివాడికి రెండేళ్లుగా చేపల పిచ్చి పట్టింది. వీడియోలు చూసి నేర్చుకున్నాడు. పోయిన సెప్టెంబరులో ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, నా పేరు మీద తీసిన చేపల లైసెన్సు బల్ల మీద పెట్టాడు.

"రేపు నీకు సెలవు కదా బావా. వాల్‌ఐకి వెళ్దాం. నేను నేర్పిస్తా."

"చేపలు పట్టడం నాకు నువ్వు నేర్పిస్తావా?"

"ఇది వల కాదు బావా. టెక్నిక్."

వాల్‌ఐ అంటే ఇక్కడి నదుల్లో ఉండే చేప. కళ్లు గాజుగోళీల్లా మెరుస్తాయి. ముల్లు తక్కువ, రుచి ఎక్కువ.

మా ఆవిడ గరిటె పక్కన పెట్టి మా ఇద్దరి మధ్యకీ వచ్చింది.

"వెళ్లు మావా. చేప తెచ్చావనుకో, నీ కథలు బతికినంతకాలం వింటా, మధ్యలో లేవను. ఉత్త చేతుల్తో వచ్చావో, ఇక ఈ ఇంట్లో వల మాట ఎత్తడానికి లేదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా."

మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తకుండా, "డాడ్, యూ షుడ్ సే నో" అంది.

వాళ్లకది నవ్వులాట. నాకు మాత్రం కాదు. ఆ కథలు కూడా పోతే నేను ఎక్కడినుంచి వచ్చానో చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

సోమవారం మధ్యాహ్నం ఊరికి ఉత్తరాన, డ్యామ్ దిగువన దిగాం. గట్టంతా బండరాళ్లు. నీళ్లలో గూడబాతులు గుంపుగా తిరుగుతున్నాయి. వాటికి లైసెన్సు అక్కర్లేదు. మా బామ్మర్ది ఒక డబ్బా తెరిచాడు. లోపల జిగ్గులు రంగుల వారీగా సర్ది ఉన్నాయి. జిగ్గంటే ఇంకేం లేదు, సీసం గుండు తలగా పోసిన గాలం, దానికి రబ్బరు తోక. దాన్ని రాళ్ల పక్కకి విసిరి, అడుగుకి దిగనిచ్చి, కొంచెం ఎత్తి, మళ్లీ దింపుతూ లాక్కోవాలి. మా ఊళ్లో గాలం వేసేది పిల్లలు. పెద్దవాళ్లు గాలం పట్టుకుంటే వలకి చిల్లు పడిందా అని అడుగుతారు. ఇక్కడ వల వేస్తే జరిమానా.

మొదటిసారి విసిరాను. వల విసిరే ఒళ్లు కదా, నడుము దానంతటదే మెలితిరిగింది. గాలం నదిలోకి పోకుండా వెనక్కి పోయి మా బామ్మర్ది టోపీని పట్టింది.

"బావా! నడుము కాదు, మణికట్టు! నాట్యం చేస్తావేంటి?"

"తలకేమీ కాలేదు కదా?"

"తల బానే ఉంది. టోపీ మొన్న కొన్నా."

తర్వాత మణికట్టుతోనే విసిరాను. గాలం నీళ్లలో పడింది, పడి రాళ్ల సందులో ఇరుక్కుంది. లాగితే తీగ తెగింది. అలా ఏడు పోయాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా వాడు దాని రంగు చెప్పి నిట్టూర్చాడు. "నారింజది పోయింది... ఆకుపచ్చది కూడానా బావా, అది నాకు కలిసొచ్చేది." చివరికి వాడి ఫోన్ మోగింది. ఆఫీసు మీటింగ్. వాడు ఆ రోజు ఇంటినుంచి పని చేస్తున్నట్టు లెక్క. "కార్లో కూర్చుని కెమెరా ఆపేస్తా, పది నిమిషాలు" అని గట్టు ఎక్కి వెళ్లిపోయాడు.

ఒక్కణ్ణే ఉన్నాక వాడు చెప్పిందంతా మర్చిపోయాను. తీగని చూపుడువేలి మీదికి తీసుకున్నాను. గుండు రాయిని తాకితే వేలికి తెలుస్తోంది, ఇసుకని తాకితే తెలుస్తోంది. రాయి పట్టుకుంటుంది కానీ తిరిగి లాగదు. నాలుగోసారి విసిరినప్పుడు కిందనుంచి ఎవరో తలుపు తట్టినట్టు ఒకే ఒక్క దెబ్బ. నా ప్రమేయం లేకుండానే చెయ్యి పైకి లేచింది.

మోచేతి పొడవు వాల్‌ఐ. బంగారు రంగు ఒళ్లు, తెల్లటి కళ్లు. పులుసుకి సరిగ్గా సరిపోతుంది, గవర్నమెంటు ఉంచుకోమనే సైజు. వీపు ముళ్లు అరచేతిలో దిగినా పట్టించుకోలేదు. పన్నెండేళ్లకి తలతో వచ్చిన చేప.

కానీ మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త నీళ్లలో పడ్డ మొదటి చేప గంగమ్మది. మా అమ్మ రేవు మెట్టు మీద నిలబడి మరీ చూసుకునేది, ఎవడూ దాచుకోకుండా. ఇక్కడ చూసేవాళ్లెవరూ లేరు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా చేపని కళ్లకద్దుకుని నీళ్లలో వదిలేశాను. నదికి ఒక్క క్షణం కూడా పట్టలేదు దాన్ని తీసుకోవడానికి.

మా బామ్మర్ది తిరిగొచ్చాడు. "ఏమన్నా తగిలిందా?"

"తగిలింది. వదిలేశా."

"ఓహో. ఈ గట్టు మీద అందరికీ అదే తగులుతుంది బావా."

చీకటి పడబోతుండగా రెండోది పట్టింది. ఈసారి తలుపు తట్టలేదు, తలుపు తీసుకునే వచ్చింది. వాడు "రానీ, రానీ, లూజ్ ఇవ్వు" అని అరుస్తూ బూట్లతో నీళ్లలో దిగి వలబుట్టతో ఎత్తాడు. పెద్ద చేప. నా కథల్లో చేపంత పెద్దది కాదు కానీ ఆ దారిలో ఉంది. వాడు టేపు పెట్టి కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. వాడి మొహం చూసి నాకు అర్థమైంది.

"సైజు దాటింది బావా. రెండు వేళ్లు. ఇంత పెద్దవి వదిలెయ్యాలి, రూల్."

"చిన్నది వదలాలి కదరా?"

"ఇక్కడ పెద్దదే వదలాలి. గుడ్లు పెట్టే తల్లి చేప. త్వరగా, ఫోటో తియ్యి!"

చేప వాడి చేతుల్లో ఉంది కాబట్టి ఫోన్ నా చేతుల్లోకి వచ్చింది. తీశాను. వాడు దాన్ని నీళ్లలో దించాడు. తోక ఒక్కసారి ఆడించి వెళ్లిపోయింది.

మేము ఇల్లు చేరేలోపే ఫోటో మా చుట్టాలందరి గ్రూపులోకి వెళ్లింది. చేప పట్టుకుని నవ్వుతున్న మా బామ్మర్ది, పక్కన ఒక మూల అడ్డం వచ్చిన నా బొటనవేలు. మా మావయ్యగారు ఊరినుంచి మెసేజ్ పెట్టారు, కొడుకులో జాలరి రక్తం బయటపడిందని. వాడు మొహమాటపడి "టీమ్ వర్క్" అని రాశాడు.

మా ఆవిడ అప్పటికే చింతపండు పులుసు మరిగించి, బెండకాయలు వేసి, చేప కోసం మూత తీసి ఉంచింది. నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. అరచేతిలో ముళ్ల గాట్లు చూసింది.

"మొదటిది గంగమ్మకిచ్చావా మావా?"

"ఇచ్చాను."

"మంచి పని చేశావు. రెండోది?"

"గవర్నమెంటుకి."

"మరి మనకి?"

నేను గిన్నెలోకి చూశాను. ఆమె కూడా చూసింది. తర్వాత మూత పెట్టేసింది. "నీ చేతి పనితనం పోలేదు మావా, ఒప్పుకుంటా. కానీ మాటంటే మాటే."

ఆ పూట బెండకాయ పులుసు తిన్నాం. మా అమ్మాయి, "ఇట్స్ ఓకే నాన్నా, స్టోర్‌లో ఉంటాయి" అని ఓదార్చింది. మర్నాడు అన్నం దగ్గర "ఆ రోజు రేవులో" అని మొదలుపెట్టబోయాను. మా ఆవిడ గరిటె ఎత్తింది. "చేపేదీ?"

అప్పటినుంచి ఇంట్లో వల మాట లేదు. నది గడ్డకట్టింది, మళ్లీ కరిగేదాకా నాకు దారి లేదు. అయితే ఆమె ఎత్తకూడదన్నది నోటి మాట. రాయకూడదని ఎవరూ అనలేదు. అందుకే మా అమ్మాయి పాత నోటుబుక్కులో మిగిలిన పేజీలు అడిగి తీసుకున్నాను. రెస్టారెంట్ వంటింట్లో మధ్యాహ్నం పని తగ్గాక, మసాలా డబ్బాల పక్కన కూర్చుని ఇది రాశాను.

ఇందులో తప్పులు చాలానే దొరుకుతాయి. పెద్దవి కనబడితే వదిలెయ్యండి, ఇక్కడి రూలు అదే. చిన్నవాటికి మాత్రం ఏ వంకా లేదు, వాటిని మీరే పెద్దమనసుతో క్షమించాలి.