మా నాయనమ్మ పెట్టిన దొంగ టీకా

నా చిన్నప్పుడు టీకాలవాళ్లు ఊళ్లోకి వస్తున్నారంటే పిల్లలకంటే ముందు పెద్దవాళ్లే తలుపులు వేసుకునేవాళ్లు. ఇప్పటి కోడళ్లకు ఈ మాట చెబితే నమ్మరు. ఫోనులో తారీఖు గుర్తు పెట్టుకుని మరీ చంటిపిల్లలను దవాఖానకు ఎత్తుకుపోయే కాలం ఇది. బీచుపల్లి నుంచి వనపర్తి వైపు పోయే దారికి లోపలగా, మెట్ట చేల నడుమ ఉండేది మా ఊరు. మశూచి మాకు రోగం కాదు, తల్లి. ఒంటి మీద పొక్కులు లేస్తే ‘అమ్మ పోసింది’ అనేవాళ్లు. ఆ తల్లికి ఎదురుపోయి టీకా పొడిపించుకుంటే ఊరికే వదులుతుందా అని అందరికీ భయం.

మా నాయనమ్మ భయం వేరు. ఆమె తొలిచూలు కొడుకు, అంటే మా నాయనకు అన్న, టీకా వేయించిన నెలలోపే జ్వరం వచ్చి పోయాడట. అది ఏ జ్వరమో ఎవరు చూశారు? ఆ ఏడు ఊళ్లో జ్వరాలు చాలా ఉన్నాయని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. కానీ కొడుకును పాతిపెట్టి ఇంటికి వచ్చిన తల్లికి ఆ మాటలు ఎక్కుతాయా? టీకా వేశారు, పిల్లవాడు పోయాడు. ఆమెకు తెలిసింది అంతే. ఇంట్లో ఆమె మాటకు తిరుగు లేదు. మా నాయన కూడా ఆమె నిలబడి ఉంటే మంచం మీద కూర్చునేవాడు కాదు.

టీకాలవాళ్లు వచ్చి ముందు పిల్లల జబ్బలు చూసేవాళ్లు. గుండ్రటి మచ్చ కనిపిస్తే వదిలేసేవాళ్లు, లేకపోతే పట్టుకుని వేసేవాళ్లు. మచ్చ ఉంటే చాలు కదా అనుకుంది మా నాయనమ్మ. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడే నల్లజీడి గింజలు అప్పట్లో ప్రతి ఇంట్లో ఉండేవి. గింజను వేడి చేసి గుచ్చితే నల్లటి నూనె కారుతుంది. ఆ నూనె తోలు మీద పడితే నిప్పు తగిలినట్లే పొక్కుతుంది, మానినాక మచ్చ మిగులుతుంది. టీకాలవాళ్లు రాబోతున్నారని చాటింపు వేసినాక, అమ్మ పల్లికాయ చేనికి పోయిన ఒక పూట, నన్నూ మూడేళ్ల మా తమ్ముణ్ణీ దగ్గర కూర్చోబెట్టుకుని, ఇద్దరి జబ్బల మీదా ఆ నూనె చుక్క పెట్టింది.

“మీయమ్మకు చెప్పినవంటే నాలికె మీద గూడ ఇదే పెడ్త” అంది నాతో. నేను చెప్పలేదు. ఆమె అన్నంత పనీ చేసే మనిషి.

నా జబ్బ మీద పొక్కు లేచి ఎండింది. తమ్ముడు ఊరుకుంటాడా? మంట పుట్టి గోకాడు. కారిన రసం చేతులకు అంటింది. ఆ చేతులతోనే కళ్లు నులుముకున్నాడు, మెడ గీరుకున్నాడు, పొట్ట గీరుకున్నాడు. టీకాలవాళ్లు ఊళ్లోకి వచ్చిన రోజు పొద్దున లేచి చూస్తే, నా పక్కలో ఉన్నది మా తమ్ముడని నేను గుర్తుపట్టలేదు. ముఖమంతా ఉబ్బిపోయి ముక్కు ఎక్కడుందో తెలియలేదు. కళ్లు పూర్తిగా మూసుకుపోయాయి. మెడ మీదా పొట్ట మీదా నీటి పొక్కులు. నేను అరిచిన అరుపుకు అమ్మ పొయ్యి దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చింది. పిల్లవాణ్ణి చూసి, ఎత్తుకోవడానికి కూడా చేతులు రాక నిలబడిపోయింది.

నిప్పు కోసం వచ్చిన పక్కింటి పెద్దమ్మ చూసి గడపలోనే కూలబడింది.

“అయ్యో తల్లీ, నీ ఇంట్ల అమ్మ పోసిందే!”

ఇక చూడండి. తల్లి దిగిన ఇంట్లో మందు వాసన రాకూడదు, దవాఖాన పేరు ఎత్తకూడదు. వాడకట్టు ఆడవాళ్లంతా చెంబులతో నీళ్లు తెచ్చారు, వేపరెమ్మలు తెచ్చారు. వేపాకు పరిచి తమ్ముణ్ణి దాని మీద పడుకోబెట్టారు. ఒక్కొక్కరే వచ్చి వాడి పాదాలు తాకి, ‘సల్లగ సూడు తల్లీ’ అని కళ్లకు అద్దుకుని పోతున్నారు. మా అమ్మ ఏడుస్తూనే వాడి మీద పసుపునీళ్లు చిలకరిస్తోంది. వాళ్లు దండం పెడుతున్నది తల్లికి కాదని ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు నేను. ఇంకొకరు గోడకు ఆనుకుని, నేల చూపులు చూస్తూ కూర్చుని ఉన్నారు. మనుషులను బెదిరించడం వేరు. దేవత పేరు మీద ఊరంతా దండాలు పెడుతున్నా ఆమె నోరు మెదపకుండా ఉండగలదని అప్పుడే చూశాను.

కబురు అంది టీకాలు వేసే సాయబు మా వాకిట్లోకి వచ్చాడు. మగవాళ్లు అడ్డం నిలబడ్డారు.

“లోపలికి రాకు సాబ్, తల్లి ఉన్నది.”

“రాను. జర ఒక్క మాట చెప్పుండ్రి” అన్నాడు ఆయన గడప అవతలి నుంచే. “ముందుగాల జ్వరం వచ్చిందా, పొక్కులు లేసినయా?”

“జ్వరం ఏడిది సాబ్” అంది మా అమ్మ. “రాత్రి గోకుడు గోకుడే గానీ, నిన్న పొద్దుగూకేదాంక ఆడుకున్నడు.”

ఆయన ముఖం మారింది. మెడ సాచి తమ్ముడి వైపు చూశాడు. “జ్వరం రాకుంట అమ్మ పొయ్యదు. గట్లయితే ఒంటికి ఏమన్నా పెట్టిన్రా? ఏదన్నా నాటుమందు, పసరు?”

నాకు నోరు తెరవాలని ఉంది, తెరవలేకపోయాను. అప్పుడే తమ్ముడు చేతులతో గాలిలో వెతుకుతూ, “అమ్మా, దీపం పెట్టు. ఏం కనిపిస్తలేదు” అన్నాడు. అప్పటికి వాకిలి నిండా ఎండ కాస్తోంది.

మా నాయనమ్మ లేచింది.

“లెవ్వుండ్రి. దండాలు ఆపుండ్రి. అమ్మ లేదు ఏం లేదు. పిలగానికి నేనే జీడి పెట్టిన, టీకా మచ్చ లెక్క ఉంటదని.”

తమ్ముడి పాదాల మీద చేయి పెట్టి ఉన్న పక్కింటి పెద్దమ్మ, కాలిన దాని మీది నుంచి తీసినట్లు చేయి లాక్కుంది. “తల్లి పేరు మీద నాటకమా, ముసల్దానా!” అని ఎవరో కేకేశారు. ఆమెను అంత మాట అన్నవాళ్లను నేను అంతకుముందు చూడలేదు. మా అమ్మ చేతిలోని చెంబు కింద పెట్టి, అత్తగారి ముఖంలోకి నేరుగా చూసింది. కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచి అట్లా చూసి ఎరగదు.

“నా కొడుకు కండ్లు పోతే ఎట్ల అత్తా?”

సాయబు మాత్రం తిట్టలేదు. “సబ్బు ఉంటే తెండ్రి, నీళ్లు తెండ్రి, మంచిగ కడుగుండ్రి. కొట్లాట మళ్ల పెట్టుకోవచ్చు” అని, తాము వచ్చిన జీపును వాకిట్లోకి తెప్పించాడు. నాయనమ్మ ఎవరినీ అడగకుండా అమ్మ వెనకే ఎక్కింది. ఆ రోజు నాయన ఊళ్లో లేడు, ఇంట్లో నన్ను చూసేవాళ్లు లేరని నన్నూ ఎక్కించారు.

వనపర్తి దవాఖానలో డాక్టరు ఇంకా నోరు తెరవనే లేదు, ఆమె మొదలుపెట్టింది. ఏ గింజ, ఏ రోజు, ఎక్కడ పెట్టింది, తర్వాత పిల్లవాడు ఏం చేశాడు, తాను ఎంతసేపు దాచింది, అంతా చెప్పింది. ఆయన తిట్టిన తిట్లన్నీ తల వంచుకుని విన్నది. “ఇంకా ఆలస్యం చేసి ఉంటే చూపు పోయేది” అని ఆయన అన్నప్పుడు మాత్రం తల ఎత్తి తమ్ముడి వైపు చూసింది.

చూపు దక్కింది. వాపు తగ్గి వాడు కళ్లు తెరిచిన రోజు ఎదురుగా ఉన్నది నాయనమ్మే. ఆమెను చూడగానే వాడు గట్టిగా ఏడ్చి అమ్మ కొంగులో ముఖం దాచుకున్నాడు. మళ్లీ ఏం పెడుతుందోనని. ఆ పూట మా నాయనమ్మ అన్నం ముట్టలేదు.

వాడి ఒళ్లు బాగయ్యాక, సాయబు పక్క ఊరికి వచ్చాడని తెలిసి మా ఇద్దరినీ ఆమే వెంటబెట్టుకుని నడిచింది. రవిక చేయి పైకి మడిచి ఆయన ముందు కూర్చుంది. “ముందు నాకు వెయ్యి సాబ్. పిల్లలు సూడనీ.” చనిపోయిన కొడుకు గుర్తుకొచ్చాడో ఏమో, రెండో చేత్తో మా తమ్ముణ్ణి గట్టిగా పట్టుకుంది. మాకు టీకా జ్వరం ఉన్నన్ని దినాలు మా పక్క వదలలేదు.

నేను పలక దాటి చదవలేదు. సర్కారు ఊరికే ఇచ్చే టీకా వదిలేసి, రోగం వచ్చాక పట్నం దవాఖానల చుట్టూ తిరిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మనవడికి ఒక్క సూది కూడా తప్పనివ్వలేదు. పోయిన నెల తీసుకుపోయినప్పుడు డాక్టరమ్మ అడిగింది, “ఇంట్ల ఏమన్నా పెట్టిన్రా బాబుకు?” అని. ఆమె ఆ మాట పూర్తిచేసేలోపే నేను అందుకున్నాను. దగ్గుకు వామాకు రసం పోశాను, పొట్ట ఉబ్బిందని ఆముదం రాశాను, కోడలు వద్దన్నా వస అరగదీసి నాకించాను, అన్నీ చెప్పేశాను.

“అన్ని గట్ల చెప్పుడేంది అత్తమ్మా, డాక్టరమ్మ నవ్వుతది” అని కోడలు నా చెయ్యి గిల్లింది.

నవ్వితే నవ్వనీ, తిడితే తిట్టనీ. పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆ గదిలోకి పోయేటప్పుడు నా పెద్దరికాన్ని చెప్పులతో పాటు బయటే విడిచిపెట్టి పోతాను.