బావగారిని నిలబెట్టిన పలక

కాటాల తాత కోపం వస్తే అరవడు, స్క్రూడ్రైవర్ తీస్తాడు. అది చూసి అమ్మమ్మ మెల్లగా పక్కింటికి జారుకుంటుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా దుకాణాల తూకం యంత్రాలు బాగుచేస్తున్న మనిషి ఆయన. ఆరేళ్ళుగా చేతులు వణుకుతున్నా, సరిచేసిన కాటా గ్రాము తేడా చూపించిందని ఇంతవరకు ఎవరూ తిరిగి రాలేదు.

బావగారు సరిగ్గా ఆ చేతుల మీదే పడ్డాడు. అమ్మమ్మకు అన్న, రిటైరైన గుమాస్తా. ఎక్కడినుంచో పాత వీడియో గేమ్ ఒకటి తెచ్చి తాత టీవీకి తగిలించాడు. ఆకాశం నుంచి వరసలుగా దిగే రాకాసి పురుగులను తుపాకీతో కాల్చే ఆట. తాతను మూడుసార్లు చిత్తు చేశాడు. ఎడమ బటన్ నొక్కబోయిన ప్రతిసారీ తాత వేలు కుడి బటన్ మీద పడింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. కాటా కోసం వచ్చిన కిరాణా కొట్టాయన గుమ్మంలో నిలబడి ఉండగా బావగారు పెద్దగా నవ్వాడు.

"ఏం బావా, ఈ చేతులతోనేనా కాటాలు బాగుచేసేది? పాపం జనం!"

కొట్టాయన కూడా నవ్వాడు. తాత ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు.

మర్నాటి నుంచి గది తలుపు తెరుచుకోలేదు. లోపల ఒక చెక్క పలక, కాటాల కోసం తెప్పించిన, బరువును కనిపెట్టే నాలుగు ఇనుప ముక్కలు, ఆ గేమ్‌కున్న రెండో రిమోట్. కుడి మణికట్టును ఎడమ చేత్తో బిగించి పట్టుకుని టంకం పెట్టాడు. వేళ్ళు కాలాయి, చొక్కాకు చిల్లులు పడ్డాయి. పంతొమ్మిదో రోజుకు పలక తయారైంది. దాని మీద నిలబడి ఎడమకు ఒరిగితే తెర మీద తుపాకీ ఎడమకు పోతుంది, కుడికి ఒరిగితే కుడికి. మునివేళ్ళ మీద బరువు వేస్తే పేలుతుంది.

"ఈ వయసులో ఈ ఊగుడేమిటండీ?"

"ఆదివారం మీ అన్నయ్యని రమ్మను."

"పాపం, లావు మనిషి."

"అందుకే రమ్మను."

ఆదివారం తాత కొట్టాయనను కూడా పనిగట్టుకుని పిలిచాడు. ముందు తనే ఆడాడు. చేతులు వెనక్కి కట్టుకుని, లోలకంలా ఊగుతూ నాలుగు వేల రెండు వందల పాయింట్లు కొట్టాడు.

బావగారి వంతు వచ్చింది. పలక తాత బరువుకు సరిచేసి ఉంది. అలాగే వదిలేస్తే, ఆ తొంభై కిలోలు ఎక్కీ ఎక్కగానే తుపాకీ ఓ మూలకు అతుక్కుపోతుంది. తాత ఆ ఆనందాన్ని కాసేపు చప్పరించాడు. తర్వాత బావగారిని పలక ఎక్కించి, వంగి, మర తిప్పి, ఆయన బరువుకు సున్నా దగ్గర నిలిచేలా సరిచేశాడు. దయతో కాదు. ఓడాక "కాటా తప్పు" అనే మాట ఆ నోట రాకూడదు.

"తుపాకీ మధ్యలో నిలబడిందా బావగారూ? కొట్టాయనా, మీరూ చూడండి."

"నిలబడిందయ్యా, ఇక కానియ్యి!"

బావగారు కుర్చీలో కూర్చుని బొటనవేళ్ళతో రాజ్యాలేలిన మనిషి. ఎడమకు ఒరగబోతే మోకాలు పట్టేసింది. కుడికి పోవాల్సి వచ్చినప్పుడు తల ఒక్కటే పోయింది. పురుగులు తీరిగ్గా దిగి తుపాకీని నమిలేశాయి. నూట పది. కొట్టాయన పగలబడి నవ్వాడు.

"ఇంకొక్క ఛాన్స్ బావా! ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది."

"అయ్యో, ఎంత మాట!" అంటూనే తాత పలకను బోర్లించి మరలు ఊడదీయసాగాడు. "ఈ ముక్కలు రేపు కాటాలకు వేయాలండీ. కస్టమర్లు ఊరుకోరు."

"మరి మళ్ళీ ఎప్పుడు చేస్తావు?"

"చూద్దాం," అన్నాడు తాత, మూడో ముక్కను పెట్టెలో వేస్తూ. "మీరు కూర్చోండి బావగారూ, కూర్చోండి. బాగా అలసిపోయారు."