ముప్పై ఎనిమిదో చావు

ఆర్సెన్ పికార్ అప్పటికి ముప్పై ఏడుసార్లు చచ్చాడు. అన్నీ వాటర్లూ పొలాల్లోనే, ఏటా జూన్‌లో ఆ పాత యుద్ధాన్ని మళ్ళీ ఆడే రెండు రోజుల్లోనే, అన్నీ నెపోలియన్ తరఫునే. "ఇన్ని చావులకీ ఒక్క ప్రమోషన్ రాలేదు," అని తనే చెప్పుకుని నవ్వేవాడు.

ఊళ్ళో నీటి మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పొట్ట దగ్గర యూనిఫాం గుండీలు ఎప్పుడో చేతులెత్తేశాయి. తుపాకీ పేల్చేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. ఇలాంటి వీరుణ్ణి నమ్ముకున్నందుకే చక్రవర్తి ఓడిపోయాడని అతని నిశ్చితాభిప్రాయం.

చావడంలో మాత్రం అతనికి పోటీ లేదు. అంత దూరం కారేసుకొచ్చి మొదటి తూటాకే పోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? "ఎవరైనా పడండర్రా" అని సార్జెంటు బతిమాలుకోవాలి. ఆ మాట రాకముందే ఆర్సెన్ పడిపోయేవాడు.

చిక్కల్లా లేవడంతోనే. యుద్ధమయ్యాక బాకా ఊదితే చచ్చినవాళ్ళంతా లేచి జనానికి టోపీలు ఊపాలి. ఈసారి శనివారం అతన్ని లేపడానికి నలుగురు పట్టారు. అందులో ఇద్దరు శత్రువులు.

ఆదివారం పొద్దున్నే సార్జెంటు సోలాంజ్ అతన్ని పక్కకి పిలిచింది. మామూలు రోజుల్లో ఆవిడది ఆర్సెన్ వాళ్ళ ఊరి పోస్టాఫీసులోనే ఉద్యోగం.

"పెద్దాయనా, ఇవాళ్టి నుంచి వంట గుడారంలో ఉండు. ఉల్లిపాయలు తరుగుదువుగాని."

"అక్కడ చావడానికి వీలుండదు కదా, సార్జెంటమ్మా."

"అందుకే ఉండమంటున్నా. నీ నడుం విరిగితే నేను జవాబు చెప్పుకోవాలి."

"ఈ ఒక్కరోజూ వరసలో నిలబడనీ. నా అంతట నేను లేవలేకపోతే నీ ఇష్టం."

మధ్యాహ్నం మొదటి పేలుడుకే పడ్డాడు. గంట తర్వాత బాకా మోగింది. మోచేతి మీద లేచాడు, ఒక మోకాలు మడిచాడు, మళ్ళీ వెల్లకిలా పడ్డాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. తన అవస్థకి తనకే నవ్వొచ్చింది. సోలాంజ్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమిటయ్యా నీకీ పడే పిచ్చి? కాసేపు బతికి చూడకూడదూ?"

ఎప్పటిలా ఏదో ఒక జోకు వెయ్యబోయి మానుకున్నాడు.

"మొదట్లో యూనిఫాం మోజుతో వచ్చేవాణ్ణి," అన్నాడు. "మార్చిలో స్నానాల గదిలో జారిపడ్డా. పొద్దున పడితే సాయంత్రం దాకా అక్కడే ఉన్నానమ్మా. ఒక్కణ్ణే కదా, ఎవరొస్తారు? ఇక్కడ పడితే ఎవరో ఒకరు వస్తారు."

సోలాంజ్ వంగి అతని చంక కింద చెయ్యేసింది. అటు పోతున్న ఎర్రకోటు శత్రువుని కేకేసి రెండో పక్క పట్టమంది. నిలబెట్టాక అతని వీపుకంటిన గడ్డి దులిపింది.

"వరసలోనే ఉండు," అంది. "రేపు పోస్టాఫీసుకి రా. వచ్చేటప్పుడు మీ ఇంటి తాళంచెవి ఇంకోటి చేయించి పట్టుకురా."