ఒక ఇరుకు, రెండు చూపులు

గుండె జబ్బుల విభాగంలో పెద్ద డాక్టరుగారికి అందరి మీదా అనుమానమే. నర్సు పట్టి చూసిన నాడిని తాను మళ్లీ పట్టి చూసేవారు. తాళం వేసిన తలుపును సైతం ఒకసారి లాగి చూస్తే గాని కదిలేవారు కాదు. లోకంలో ఆయన శంకించనిది ఒక్కటే, తన కన్ను.

గుండె నాళాల్లో రంగుమందు పారుతున్న ఫిల్మును తెర మీద ఒక్కసారి చూసి, నాళం నూటికి ఎంత పూడిందో చెప్పేసేవారు. "కూర చూసి ఉప్పు చెప్పే మొనగాడు మా బావమరిది" అని ఆయన అక్క భర్త వెక్కిరించేవారు.

చివరికి ఆ బావగారికే మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం మొదలైంది. ఫిల్ము చూసి, "డెబ్బై అయిదు. స్టెంటు వేయాల్సిందే" అన్నారు డాక్టరుగారు. నాళం కొసన కొడవలిలా తిరిగిన ఒంపును చూపి, "నీ నాలుకకున్న వంకర గుండెకూ ఉంది బావా" అని చమత్కరించారు కూడా. పక్కనున్న అక్క మాత్రం నవ్వలేదు. వచ్చే సోమవారం వేయాలని నిశ్చయమైంది.

ఈలోగా పేర్లు కప్పి ఫిల్ములు చదివే రోజు వచ్చింది. కింది డాక్టర్ల చూపును పరీక్షించడానికి ఆయనే పెట్టిన పద్ధతి అది. ఫిల్ములు ఎంచేది చిన్న డాక్టరమ్మ. ఒక ఫిల్ము తెర మీదికి రాగానే, ఎవరూ నోరు విప్పకముందే ఆయన తేల్చేశారు.

"యాభై. మందులు చాలు."

"ఇంకోసారి చూస్తారా సార్?"

"ఎందుకమ్మా?"

"అది మీ బావగారిది సార్."

"ఎవరో ఫిల్ము మార్చారు" అన్నారాయన. ఫిల్ము తీసిన మనిషిని పిలిపించి నిలదీశారు. తెర మసకబారిందన్నారు. డాక్టరమ్మకు తన కుర్చీ మీద కన్నుందేమోనని కూడా మనసులో అనుకున్నారు. ఆఖరికి ఫిల్మును మళ్లీ తిప్పించారు. కొసన అదే కొడవలి ఒంపు! ఊరంతా తిరిగిన అనుమానం తలదాచుకునే చోటు దొరకక, వచ్చి ఆయన కంటిలోనే కూర్చుంది.

తాడును చూసి పామనుకున్నవాడికి దీపం తెచ్చి చూపవచ్చు. దీపమే రెండు మాటలాడితే దిక్కెవరు? ఆనాడు అక్క ముఖం చూసిన భయం నాళపు ఇరుకును పెంచిందా? నేడు పేరెరుగని తేలికదనం తగ్గించిందా?

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లారు.

"అక్కా, నాళంలోకి తీగ పంపి, ఒత్తిడి కొలిచాకే నిర్ణయిద్దాం. నా కన్ను చాలదు."

"మొన్న చాలిందిగా తమ్ముడూ? ఏదో దాస్తున్నావు. జబ్బు ముదిరిందా?"

"అంత లేదేమోనని అనుమానం."

"లేకపోతే ఆ మొహం అలా పెట్టావేం?"

"పోనీవే," అన్నారు బావగారు, "ఇన్నాళ్లకు మీవాడు ఉప్పు నాలుక మీద వేసుకుని చూస్తానంటున్నాడు!"

సోమవారం, ఒత్తిడిని కొలిచే వెంట్రుకంత తీగను ఇరుకు దాటించారు. ఆ పనిని డాక్టరుగారు చిన్న డాక్టరమ్మకే అప్పగించి పక్కన నిలబడ్డారు. ఇరుకు అవతల రక్తపు ఒత్తిడి బాగా పడిపోతోందని అంకె తేల్చింది. స్టెంటు అవసరమే. వేశారు.

బల్ల మీది నుంచే బావగారు పలికారు. "చూశావా బావమరిదీ! చివరికి నీ మాటే నిజమైంది."

డాక్టరుగారు కళ్లద్దాలు తీసి, వెలుగుకు ఎత్తి పట్టి చూశారు.

"ఏ మాట బావా? రెండూ నేనే అన్నాను."